చాపల గది

ఆకేసా తన తమ్ముడు పెనీతో ఒకే గదిలో చివరిసారి కూర్చున్నప్పుడు ఆమెకు పన్నెండేళ్లు, అతనికి తొమ్మిది. ఆ తర్వాత ఇద్దరిమధ్యా గొడవేమీ జరగలేదు. ఆమె పెద్దమనిషయింది, అంతే. టోంగా దీవుల్లో అక్క పెద్దమనిషయ్యాక తమ్ముడు ఆమె ఉన్నచోట కాళ్లు బార్లా చాపుకొని కూర్చోడు, ఆమె వింటుండగా మోటు మాట అనడు, ఆమె పడుకునే గది గడప చచ్చినా తొక్కడు. తప్పనిసరైతే తల వంచుకొని రెండు ముక్కలు మాట్లాడతాడు, అదీ మీరు అంటూనే. వాళ్ల ఊరు కొలోవాయిలో చెట్లకు తలకిందులుగా వేలాడే గబ్బిలాలకు సైతం ఈ సంగతి తెలుసు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్న మనిషెవరో టోంగా వెళ్లి ఉండరు. అక్కడ అర్ధంతో సరిపెట్టరు.

ఆకేసాకు ఇరవై రెండో ఏట పెళ్లయింది. ఇరవై నాలుగో ఏట భర్త చేపలకని వెళ్లి, పడవతో సహా తిరిగి రాలేదు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చి చాపలు అల్లుకుంటూ కూర్చుంది. ఆమె చేయి మంచిది. ఆమె అల్లిన చాప, అక్కడి మర్యాద ప్రకారం నడుముకు చుట్టుకొని ఎవరైనా చర్చికి వెళ్తే, పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసేవారని ఊళ్లో చెప్పుకునేవారు.

పెనీ అప్పటికే న్యూజిలాండ్ వెళ్లి, ఆక్లండ్‌లో ఒక మాంసం ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. 1973లో అతని భార్య సులియాకు తొలికాన్పు. "వదినా, మీరు వస్తేగానీ నేను కననని చెప్పాను. మీ తమ్ముడు హడలిపోయి టికెట్టు పంపుతున్నాడు" అని సులియా ఉత్తరం రాసింది. ఆకేసా మూడు నెలల పర్మిట్ మీద, ఒక పెట్టెతో, ఆరు చాపలతో దిగింది.

ఆక్లండ్ శివారు ఒటారాలో పెనీ అద్దెకున్న ఇంటికి రెండు పడగ్గదులు. ఒకదాంట్లో పెనీ, సులియా, పుట్టబోయే బిడ్డ. రెండోదాంట్లో ఆకేసా ఒక్కతే. పెనీ పినతండ్రి కొడుకులు ఐదుగురిలో ముగ్గురు ముందుగదిలో, ఇద్దరు కారు షెడ్డులో. ఆకేసా గది తలుపుకు గుండ్రటి పిడి ఉంది గానీ గడియ లేదు. ఎందుకు? ఆ ఇంట్లో మగాళ్లంతా ఆమె తమ్ముళ్లే. గడియ పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

కప్పు కారుతోందంటే చూడటానికి వచ్చిన ఇంటి యజమాని, ఒక తెల్లాయన, ఇంట్లో మనుషులు సర్దుకున్న తీరు చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఎండ వచ్చే ఆ పెద్ద గదిలో ఆవిడ ఒక్కతేనా?"

"అవునండి. మా అక్క."

"ఒంట్లో బాగాలేదా?"

"లక్షణంగా ఉందండి."

"మరి వాళ్లిద్దరూ షెడ్డులో ఎందుకు పడుకుంటున్నారు?"

"ఆవిడ తమ్ముళ్లు కదండీ" అన్నాడు పెనీ, ఇంతకంటే విడమరిచి ఎలా చెప్పాలో తెలియక.

తెల్లాయన కప్పు సంగతి మరిచిపోయి వెళ్లిపోయాడు. కప్పు ఇంకో రెండేళ్లు కారింది.

టీవీ ముందుగదిలో ఉండేది. సాయంత్రం వార్తలు మొదలవగానే పెనీ వచ్చి కూర్చునేవాడు. వార్తలు సగమయ్యేసరికి ఆకేసా వంటిల్లు సర్దుకొని వస్తున్న అలికిడి వినిపించేది, పెనీ లేచి పెరట్లోకి నడిచేవాడు. అందుచేత ప్రపంచంలో ఎక్కడ యుద్ధం జరుగుతోందో పెనీకి, రేపు వాన పడుతుందో లేదో ఆకేసాకు తెలిసేది. రెండూ తెలిసిన మనిషి సులియా ఒక్కతే. ఆ ఇంటికి ఆమె నోరే పోస్టాఫీసు.

"వదినా, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పమన్నాడు."

"కూర ఎవరు వండారు?"

"మీరే."

"అయితే వాడలా అని ఉండడు. ఇదిగో, తగ్గింది నీ నోటికి" అని ఆకేసా ఉప్పుడబ్బా మరదలి చేతిలో పెట్టేది.

ఆడపిల్ల పుట్టింది. లవీనియా అని పేరు పెట్టింది ఆకేసాయే. మేనత్త ఉండగా పేరు పెట్టే హక్కు ఇంకెవరికుంటుంది? మూడు నెలలు నిండాయి, వెనక్కి వెళ్లాల్సిన రోజొచ్చింది. కానీ ఫ్యాక్టరీలో చేతులు చాలడం లేదు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని సూపర్‌వైజర్ రోజూ పెనీని పీక్కుతింటున్నాడు. ఉన్నారు. ఆకేసా పనిలో చేరింది.

సూపర్‌వైజర్ మంచివాడు కాబట్టి అక్కాతమ్ముళ్లను ఒకే బెల్టు దగ్గర ఎదురెదురుగా నిలబెట్టాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి నిలబడి, చేతులు మాత్రం వెనక్కి చాచి ప్యాకెట్లు సర్దారు. ఇలా మూడు రోజులు నడిచింది. ఇద్దరికీ పడటం లేదని సూపర్‌వైజర్‌కు అర్థమైంది. నాలుగోరోజు భోజనాల వేళ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి, రక్తసంబంధం గురించి పావుగంట చెప్పి, చేతిలో చేయి వేయించబోయాడు. పెనీ కిటికీలోంచి దూకాడు. కింది అంతస్తే గనక దెబ్బ తగల్లేదు. మర్నాటి నుంచి ఆకేసాను అట్టపెట్టెలు కట్టే చోటికి మార్చారు.

పని ఉన్నన్నాళ్లూ పర్మిట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పెట్రోలు ప్రియమై, పనులు తగ్గేసరికి దేశంలో అందరికీ ఉన్నట్టుండి చదువొచ్చింది, పర్మిట్ల మీద తేదీలు చదవసాగారు. ఏరు దాటి తెప్ప తగలేయడం అన్నిచోట్లా ఉన్నదే. అక్కడ మాత్రం తెప్ప ఇంట్లో నిద్రపోతుండగా, తెల్లవారకముందే వచ్చి తగలేసేవారు. టోంగావాళ్ల ఇళ్లకు, సమోవావాళ్ల ఇళ్లకు పోలీసులు కుక్కల్ని వెంటబెట్టుకొని వచ్చేవారు. గడువు దాటిన తెల్లవాళ్లు కూడా ఊళ్లో బోలెడుమంది ఉండేవారు. వాళ్ల వీధులు ఆ కుక్కలకు తెలియవు కాబోలు.

పట్టుబడితే విమానం ఎక్కించి పంపేస్తారు. ఆకేసాకు వెళ్లాలని లేదు. లవీనియాకు మూడేళ్లు. ఆ పిల్ల మేనత్త పొట్ట మీద తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. పిల్లల్లేని మనిషికి పొట్ట మీద ఆ బరువు అలవాటైపోయింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

సులియా ఒక ఉపాయం ఆలోచించి, ఇంట్లో మగాళ్లందర్నీ వంటింట్లో వరసగా నిలబెట్టింది. గోడకు అవతల ఆకేసా వింటోంది.

"పోలీసులొస్తే వదిన చాపల కింద దూరుతుంది. వాళ్లు తలుపు తీసి చూసినా చాపలే కనిపిస్తాయి. మీరందరూ ఒకటే మాట మీదుండాలి. చెప్పండి, ఆ గదిలో ఎవరు?"

"చాపలు" అన్నారు ఐదుగురూ.

"ఏవండీ, మీరు?"

"అక్క... అదే, చాపలు" అన్నాడు పెనీ.

"చూశారా, ముందు అక్క అనే వస్తోంది."

"అక్క గదిని పట్టుకొని చాపల గది అనడం మర్యాదగా ఉంటుందా?"

"ఆవిణ్ని మర్యాదగానే విమానం ఎక్కిస్తారు. చాలా?"

రెండు వారాలు పొద్దూమాపూ వల్లె వేయించింది. పెనీ చర్చిలో మొదటి వరసలో నిలబడి పాడే మనిషి. రెండు వందల కీర్తనలు కంఠతా వచ్చు. ఈ ఒక్క ముక్క దగ్గర నాలుక మడతపడేది.

ఒక గురువారం తెల్లవారుజామున ఐదున్నరకు వీధితలుపు దబదబలాడింది. ఆరు చాపలు అప్పటికి తొమ్మిదయ్యాయి. ఆకేసా తొమ్మిదింటి కిందా దూరింది. చాపకింద నీరు అంటారు గానీ, ఆ పూట చాపకింద ఉన్నది ఆడబిడ్డ. కుక్కిన పేనులా పడి ఉంది.

ఇద్దరు పోలీసులు, ఒక కుక్క. ముందుగదిలో అందరూ కాగితాలు చూపించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఆ గదిలో ఎవరు?" అని పెద్ద పోలీసు అడగడం వినిపించింది.

"చాపలు" అన్నారు ఐదుగురూ, చర్చిలో ఆమెన్ అన్నట్టు.

"నువ్వు కదూ ఇంటాయన? నువ్వు చెప్పు."

"చాపలండి" అన్నాడు పెనీ.

చాపల కింద ఆకేసా ఊపిరి వదిలింది. పోలీసు కూడా నమ్మినట్టే ఉన్నాడు. అయినా వచ్చినందుకు ఒకసారి తొంగిచూసి పోదామని పిడి మీద చేయి వేశాడు. పిడి తిరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"ఆగండి!" అని పెనీ అడ్డం పడ్డాడు. "లోపలికి వెళ్లకండి. అది మా అక్క గది. మగాళ్లు వెళ్లకూడదు."

సులియా నుదురు కొట్టుకున్న చప్పుడు తొమ్మిది చాపల కిందికీ వినిపించింది.

"మీ అక్క ఎక్కడుంది?"

"లోపలేనండి. పడుకొని ఉంటుంది" అన్నాడు పెనీ.

ఆకేసాకు తమ్ముడి పీక పిసకాలనిపించింది. తన గది గడప పరాయి మగాడు తొక్కకుండా, పోలీసుకూ కుక్కకూ ఎదురుగా వాడొక్కడే నిలబడ్డాడని గుండె నిండిపోయింది కూడా. రెండూ ఒకేసారి ముంచుకొచ్చేసరికి ఏమనాలో తోచక గట్టిగా తుమ్మింది.

"వస్తున్నానని చెప్పవే సులియా. ముందు మా తమ్ముణ్ని అవతలికి వెళ్లమను" అని లోపలినుంచే కేకేసింది.

పెనీ పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆకేసా చాపలు మడిచి సర్దింది. తలకు కొబ్బరినూనె రాసి దువ్వుకుంది. చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకొని, నడుముకు తన చేత్తో అల్లిన చాపల్లో మంచిది చుట్టుకుంది. దొంగను పట్టుకెళ్లడానికి వచ్చిన పోలీసులు పెళ్లికూతురి కోసం కాచుకున్నట్టు ఇరవై నిమిషాలు కాచుకున్నారు. లవీనియా ఏడుపుతో ఇల్లు ఎగిరిపోతోంది. వ్యాను ఎక్కుతూ ఆకేసా పెరటివైపు చూసింది. పెనీ నిమ్మచెట్టు దగ్గర వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. అతను తిరిగి చూడలేదు. పదిరోజుల తర్వాత ఆమె కొలోవాయిలో ఉంది.

"ఏం ఆకేసా, ఆక్లండ్ నచ్చలేదా?" అని ఊళ్లోవాళ్లు అడిగారు.

"బాగా నచ్చింది. మా తమ్ముడు నా గదిని కాపాడాడు, అందుకని వచ్చేశాను."

కథంతా విన్నాక ఊరు రెండు పక్షాలైంది. పెనీ అంత తెలివితక్కువవాణ్ని చూడలేదని ఒక పక్షం. తమ్ముడంటే వాడని, మీ కొడుకులకు చెప్పుకోండని ఒక పక్షం. పాస్టరుగారు పేర్లు చెప్పకుండా దీని మీద ప్రసంగం చేశారు. ఎవరి గురించో తెలియక చర్చి అంతా తల తిప్పి ఆకేసానే చూసింది. తను ఏ పక్షమో ఆమెకే తేలలేదు. పగలంతా చాప అల్లుతూ రెండో పక్షంలో ఉండేది. నడుం వాల్చాక, పొట్ట మీద బరువు లేదని తెలిసేసరికి మొదటి పక్షంలోకి పోయేది.

ఏడాదికోసారి పెనీ ఒక ఇనప పీపా పంపేవాడు. మాంసం డబ్బాలు, సబ్బులు, బట్టలు, లవీనియా గీసిన బొమ్మలు అందులో ఉండేవి. సులియా ఉత్తరాల్లో అందరి సంగతులూ ఉండేవి. ఆ తెల్లవారుజాము గురించి మాత్రం పెనీ ఒక్క మాటా చెప్పి పంపలేదు. అక్కతో అలాంటి మాట ఎత్తేదెలా? క్షమించమనాలంటే ముందు ఆమె గది సంగతి మాట్లాడాలి. ఆకేసా అడగనూ లేదు. కానీ ప్రతి ఉత్తరమూ ఆ మాట కోసమే చివరిదాకా చదివేది.

మూడో ఏడు పీపాలో సబ్బుల మధ్య ఒక ఇనప గడియ వచ్చింది. దాంతోపాటు ఒక పొట్లంలో ఎనిమిది మరలు. "గడియ మీ తమ్ముడు పెట్టాడు వదినా. ఎందుకండీ అంటే నీళ్లు నమిలాడు" అని సులియా రాసింది. కొలోవాయిలో ఆకేసా ఇంటికి తలుపు లేదు, పరదా ఉంది. పరదాకు గడియ బిగించడం ఎలాగో ఆమెకు అంతుపట్టలేదు. అల్లేటప్పుడు చాప అంచు గాలికి లేవకుండా బరువు పెట్టుకోవడానికి మాత్రం పనికొచ్చింది.

ఆ తెల్లవారుజాముకు పదేళ్లు నిండాయి. ఒక వేసవిలో న్యూజిలాండ్ ప్రభుత్వం మీరు వీసా లేకుండానే రావచ్చు అంది, కొన్ని వారాలకే నాలుక్కరుచుకుంది. ఈ రెంటికీ మధ్య దొరికిన విమానంలో ఆకేసా ఎక్కింది. చేతిసంచిలో గడియ, మరల పొట్లం కూడా ఉన్నాయి. ఎందుకు పెట్టుకున్నావంటే ఆమె చెప్పలేకపోయేది.

పెనీ అప్పటికి ఒటారాలోనే సొంత ఇల్లు కొనుక్కున్నాడు. విమానాశ్రయంలో తల వంచుకొని "వచ్చారా అక్కా" అన్నాడు. ఆకేసా "ఆ" అంది. ఇంటికి వచ్చాక పదమూడేళ్ల లవీనియా మేనత్త చేయి పట్టుకొని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. వెనకగోడను ఆనుకొని ఒక గది కట్టి ఉంది. ఇంట్లోంచి దానికి దారి లేదు. తలుపు తోటలోకి ఉంది.

"ఇది మీ గది అత్తా. నాన్న కట్టాడు. లోపలికి మాత్రం రాడు."

"రాకుండా ఎలా కట్టాడే?"

"కప్పు వేసేదాకా వచ్చాడు. కప్పు పడ్డాక ఇక ఇది అక్క గది అయిపోయింది అన్నాడు. లోపలి పనంతా నేనూ అమ్మా చేశాం. తను కిటికీ బయట నిలబడి, ఎడమకి, కుడికి అని ఒకటే అరుపులు. అందుకే అలమర వంకరగా ఉంది."

ఆకేసా తలుపు మూసి చూసింది. లోపలివైపు చెక్కకు ఎనిమిది చిల్లులు పెట్టి ఉన్నాయి. గడియ లేదు. సంచిలోంచి తన గడియ తీసి ఆనించింది. మరలు అచ్చంగా దిగాయి.

పర్మిట్ మళ్లీ మూడు నెలలే. ఇక్కడే ఉండిపోవడానికి పెనీ దరఖాస్తు పెట్టాడు. జవాబు రాలేదు. గడువుకు రెండు వారాలుందనగా, ఒక మధ్యాహ్నం చంకలో ఫైలుతో ఒకాయన తోటలోకి వచ్చాడు. మనుషుల్ని పంపేసే ఆఫీసువాడో, ఇళ్లు కొలిచే ఆఫీసువాడో తలుపు సందులోంచి ఆకేసాకు తెలియలేదు. గడియ వేసుకొని కూర్చుంది. ఈసారి చాపల కింద దూరలేదు. నలభై మూడేళ్లొచ్చాయి, మోకాళ్లు వంగవు. పైగా కిందటిసారి దూరి బావుకున్నదేముంది?

"ఈ గది ప్లానులో లేదే. మనుషులు ఉంటుంటే కూలగొట్టాలి, తెలుసా?" అన్నాడాయన. ఇళ్లు కొలిచే ఆఫీసే. "ఇందులో ఎవరుంటున్నారు?"

తమ్ముడేం చెబుతాడో ఆకేసాకు తెలుసు. ఆమె లేచి, చర్చికి కట్టుకునే బట్టలు తీసి, దువ్వెన అందుకుంది.

"చాపలండి" అన్నాడు పెనీ.

దువ్వెన తలమీదే ఆగిపోయింది.

"ఒకసారి చూస్తాను."

"చూడండి" అన్నాడు పెనీ. అడ్డం రాలేదు.

తలుపు కదిలింది. గడియ కదల్లేదు. ఆయన భుజం పెట్టి తోశాడు.

"ఇది లోపలినుంచి గడియ వేసి ఉంది."

"ఉంటుందండి."

"చాపలు గడియ వేసుకున్నాయా?"

"మంచి చాపలండి" అన్నాడు పెనీ. "మర్యాద తెలిసినవి."

కాసేపటికి కలం గీరిన చప్పుడైంది. "సామాన్ల గది అని రాస్తున్నాను. కప్పు మీద రేకులు ఒకవైపు లేచాయి, మేకులు కొట్టించుకో" అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఆకేసా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వు వచ్చింది, ఆ వెనకే ఏడుపు వచ్చింది. రెండు వందల కీర్తనలు వచ్చినవాడికి ఈ ఒక్క ముక్క రావడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు తను ఏ పక్షమో ఆమెకు తేలిపోయింది. ఊరంతా ఒక పక్షమైనా సరే, ఆమె వాడి పక్షం.

తలుపు అవతల పెనీ ఇంకా నిలబడే ఉన్నాడు. సులియా పక్కన లేదు. అందుకని అతనే మాట్లాడాల్సి వచ్చింది.

"అక్కా. వెళ్లిపోయాడండి."

ఆమె దువ్వెన కింద పెట్టింది.

"ఆ రోజు ఆ తలుపుకి గడియ లేదక్కా" అన్నాడు పెనీ.

ఆకేసా అరచేత్తో మొహం తుడుచుకుంది.

"చాపలు విన్నాయిలే తమ్ముడూ" అంది. "నిచ్చెన తెచ్చి ఆ రేకులకు మేకులు కొట్టు. రేపు వాన."